చదువులో నిలకడ

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యాంశ ఉద్దేశం

ఇంటర్మీడియట్ పూర్తికాగానే ఏ చదువులో చేరాలన్న ప్రశ్న ప్రతి విద్యార్థికీ ఎదురవుతుంది. చేరిన చదువులో తుదివరకు నిలవడం ఎలా అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. మధ్యలో చదువు మానేవారిని చూసి పట్టుదల లేదని లోకం తీర్పు చెబుతుంది. ఆ తీర్పు ఎంతవరకు సమంజసమో పరిశీలించి, అభిరుచికీ, సన్నద్ధతకూ, నిలకడకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

భర్తృహరి సుభాషితాలు తెలుగువారికి కొత్తవి కావు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యాలను తరతరాల విద్యార్థులు కంఠస్థం చేశారు. కార్యారంభాన్ని గురించి చెబుతూ భర్తృహరి మనుషులను మూడు తరగతులుగా విభజించాడు. ఆటంకాలు కలుగుతాయన్న భయంతో పనిని అసలే మొదలుపెట్టనివారు ఒక తరగతి. మొదలుపెట్టి, ఆటంకం ఎదురుకాగానే విడిచిపెట్టేవారు రెండవ తరగతి. ఎన్ని విఘ్నాలు కలిగినా పూనిన పనిని విడువనివారు మూడవ తరగతి. వీరే ఉత్తములని కవి నిర్ణయం.

ఈ భావాన్ని తరగతి గదిలో వివరించిన ప్రతిసారీ నాకు ఒక సందేహం కలిగేది. మధ్యలో విడిచినవాడు ఎందుకు విడిచాడు? ధైర్యం చాలక విడిచాడా? ఆ పని మనసుకు నచ్చక విడిచాడా? లేక ఇష్టం ఉండి కూడా, చేసే నేర్పు లేక విడిచాడా? నీతిని బోధించే కవికి ఈ ప్రశ్నతో పని లేదు. ఫలితాన్ని చూసి మనిషిని నిర్ణయించడం ఆయన పద్ధతి. కాని అధ్యాపకుడికి ఈ ప్రశ్న అత్యవసరం. జబ్బేమిటో తెలియకుండా మందు ఇచ్చే వైద్యుడికీ, కారణం తెలియకుండా విద్యార్థిని మందలించే గురువుకూ భేదం లేదు.

విద్యార్థికి కూడా ఇది పుస్తకంలోని ప్రశ్న మాత్రమే కాదు. మన తెలుగు రాష్ట్రాలలో పదో తరగతి ముగియగానే, పదిహేను పదహారేళ్ల ప్రాయంలో, ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. మొదలైన వాటిలో ఏదో ఒక గ్రూపును ఎంచుకోవాలి. ఆ ఒక్క ఎంపికతో కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూతపడతాయి. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాల విద్యార్థులు డిగ్రీలో చేరిన తరువాత, తరచు రెండవ ఏడు గడిచేవరకు, తమ ప్రధాన విషయాన్ని నిర్ణయించుకోవచ్చు. ఇక్కడ మనం ఆ నిర్ణయాన్ని ఎన్నో ఏళ్ల ముందే చేస్తున్నాం. పైగా, చాలా ఇళ్లలో ఆ నిర్ణయాన్ని చేసేది విద్యార్థి కాదు. తండ్రి కోరిక, మేనమామ సలహా, పొరుగింటి అబ్బాయికి వచ్చిన ఉద్యోగం — వీటన్నిటి తరువాత, ఇంకా సమయం మిగిలితే, విద్యార్థి మాట వినబడుతుంది.

చేరిన చదువులో నిలకడగా కొనసాగడానికి రెండు బలాలు కావాలి. ఒకటి అభిరుచి, రెండవది సన్నద్ధత. ఈ రెండింటినీ వేరువేరుగా అర్థం చేసుకోవాలి.

అభిరుచి అంటే ఒక విషయం వైపు మనసుకు సహజంగా కలిగే మొగ్గు. మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు కురు పాండవ కుమారులందరికీ అస్త్రవిద్య నేర్పాడు. గురువు ఒక్కడే, విద్యాభ్యాసం ఒక్కచోటే. అయినా అర్జునుడు విల్లులో, భీమ దుర్యోధనులు గదలో, నకుల సహదేవులు ఖడ్గంలో, ధర్మరాజు రథయుద్ధంలో పేరు తెచ్చుకున్నారు. భీముడి చేతికి విల్లు ఇచ్చి, అర్జునుడంతటివాడు కాలేదని నిందించే అవివేకం ద్రోణుడు చేయలేదు.

ఆధునిక కాలంలో ఈ మొగ్గును శాస్త్రీయంగా పరిశీలించినవారు ఉన్నారు. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం వీటిలో ప్రసిద్ధమైనది. మనుషుల వృత్తిపరమైన అభిరుచులను ఆయన ఆరు విధాలుగా వర్గీకరించాడు. పనిముట్లతో, యంత్రాలతో పనిచేయడం కొందరికి ఇష్టం. ఎందుకు, ఎలా అని శోధించడం కొందరికి ఇష్టం. కొందరికి కళాసృష్టి, కొందరికి తోటివారికి నేర్పడం, సేవ చేయడం ఇష్టం. మరికొందరికి నలుగురిని నడిపించడం, వ్యాపారం సాగించడం ఇష్టం. ఇంకా కొందరికి లెక్కలను, పత్రాలను క్రమపద్ధతిలో నిర్వహించడం ఇష్టం. సాధారణంగా ఒక మనిషిలో రెండు మూడు మొగ్గులు కలిసి ఉంటాయి. మనిషి మొగ్గుకూ, అతడు చేసే పనికీ పొంతన కుదిరినప్పుడు ఆ పనిలో తృప్తి, స్థిరత్వం కలుగుతాయని హాలండ్ సిద్ధాంతసారం.

అయితే అభిరుచి వేషం వేసుకొని వచ్చే వాటి విషయంలో జాగ్రత్త అవసరం. జీతం మీది ఆశ ఆ విషయం మీది ఇష్టం కాదు. బాగా బోధించే అధ్యాపకుడి మీది అభిమానం కూడా ఒక్కొక్కప్పుడు విషయం మీది ఇష్టంలా కనిపిస్తుంది. ఆయన బదిలీ కాగానే ఆ ఇష్టమూ బదిలీ అవుతుంది. స్నేహితులందరూ చేరుతున్నారన్న ఉత్సాహం మొదటి పరీక్ష వరకే నిలుస్తుంది. ఎవరూ అడగకపోయినా, మార్కులు రాకపోయినా, తీరిక దొరికినప్పుడు మనసు ఎటు వెళుతుందో అదే అభిరుచి.

ఇక రెండవది సన్నద్ధత. అంటే పై చదువును అందుకోవడానికి కావలసిన పునాది. దీనిలో మూడు పొరలు ఉన్నాయి. మొదటిది విషయజ్ఞానం. బీజగణితం రానివానికి కలన గణితం అందదు. రెండవది భాష. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంజనీరింగు, వైద్యం వంటి చదువులలో ఇంగ్లీషు మాధ్యమం ఒక్కసారిగా ఎదురవుతుంది. మూడవది అభ్యాసపు అలవాటు. ఉదయం నుంచి రాత్రి వరకు ఎవరో ఒకరు పక్కన నిలబడి చదివిస్తే చదివినవారికి, అడిగేవారు లేనిచోట తమంతట తాము చదవడం కొత్త విద్యలా తోస్తుంది. ఇంటర్మీడియట్‌లో తొమ్మిది వందల మార్కులు దాటినవారు కూడా డిగ్రీ మొదటి ఏట తడబడడానికి చాలాసార్లు ఈ మూడవ పొర బలహీనతే కారణం.

ఈ రెండు బలాలలో ఒకటి ఉండి మరొకటి లేనప్పుడు ఏమవుతుందో నా విద్యార్థులే నాకు నేర్పారు.

జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి మా కళాశాలకు వచ్చిన ఒక అమ్మాయి లెక్కలంటే ప్రాణం పెట్టేది. ఇంటర్మీడియట్ తరువాత ఇంజనీరింగులో చేరింది. మొదటి సెమిస్టరులో మూడు విషయాలు తప్పింది. వాటిలో గణితం కూడా ఒకటి. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నన్ను కలిసి, "నాకు లెక్కలంటే ఇష్టం పోయింది సార్, మానేస్తాను" అన్నది. నేను తెలుగు చెప్పేవాణ్ణి, లెక్కలలో సాయం చేయలేను. అందుకే మా గణితాధ్యాపకుడి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన ఆమె తప్పిన ప్రశ్నపత్రం తీసుకొని, ప్రశ్నలను ఒక్కొక్కటిగా తెలుగులో చదివి వినిపించారు. ఆమె ఒక్కొక్కటిగా చేసి చూపించింది. అవకలనం తెలుసు, డిఫరెన్షియేషన్ అన్న మాట దగ్గర ఆగిపోతున్నది. మాత్రిక తెలుసు, నిర్ధారకం తెలుసు, సదిశ తెలుసు. తెలిసిన మనుషులే కొత్త పేర్లతో ఎదురైతే గుర్తుపట్టలేని స్థితి ఆమెది. ఆ మధ్యాహ్నమే ఒక నోటు పుస్తకంలో పేజీకి రెండు గడులు గీసి, ఒకవైపు తెలుగు పారిభాషిక పదం, మరొకవైపు ఇంగ్లీషు పదం రాయడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి తప్పిన విషయాలన్నీ పూర్తి చేసింది. నాలుగేళ్ల చదువును నాలుగేళ్లలోనే ముగించింది.

రెండవ విద్యార్థి కథ వేరు. అతడు ఎం.పి.సి.లో చదువుతూనే తెలుగు తరగతిలో శాసనాలను గురించి ప్రశ్నలు అడిగేవాడు. సెలవు దొరికితే పాత గుళ్ల గోడల మీది రాతలు చూడడానికి వెళ్లేవాడు. లెక్కలలోనూ చురుకైనవాడే. తండ్రి కోరిక మీద ఇంజనీరింగులో చేరి, రెండేళ్లపాటు ఒక్క పరీక్షా తప్పకుండా చదివాడు. అతని పేరున ఒక్క బ్యాక్‌లాగు కూడా లేదు. మూడవ ఏడు మొదలైన తరువాత ఇంటికి వచ్చేశాడు. చేతకాక వచ్చాడని ఊరివాళ్లు అనుకున్నారు. తండ్రి కొన్ని నెలలపాటు అతనితో మాట్లాడలేదు. నా దగ్గరకు వచ్చినప్పుడు అతడు అన్న మాట నేటికీ నా చెవులలో ఉన్నది: "పరీక్షలు తప్పి రాలేదు సార్, దాటే వచ్చాను. ఇంకో రెండేళ్లు కూడా దాటగలను. ఆ తరువాత నలభై ఏళ్లు ఎలా దాటను?" బి.ఏ. చరిత్రలో చేరి, ఎం.ఏ. చదివి, ఇప్పుడు విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్నాడు. అయితే ఆ రెండేళ్ల కాలమూ, ఇంటివారు కట్టిన ఫీజులూ తిరిగి రాలేదు. గ్రూపు ఎంచుకున్న నాడే ఎవరైనా అతని మాట విని ఉంటే ఆ నష్టం తప్పేది.

బయటినుంచి చూసేవారికి ఈ ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తారు. భర్తృహరి రెండవ తరగతిలో ఇద్దరినీ చేర్చవచ్చు. కాని అమ్మాయికి లోపించింది సన్నద్ధత, అబ్బాయికి లోపించింది అభిరుచి. అమ్మాయికి రెండు గడుల నోటు పుస్తకం కావాలి, అబ్బాయికి మరో దారి కావాలి. ఒకరి మందు మరొకరికి పనిచేయదు.

ఇక్కడే మనం తరచుగా పొరబడుతున్నాం. "నాకిది ఇష్టం లేదు" అని విద్యార్థి అన్నప్పుడు, చాలాసార్లు ఆ మాటకు అర్థం "నాకిది రావడం లేదు" అని. రాకపోవడం అవమానంగా తోస్తుంది, ఇష్టం లేకపోవడం అంతగా అవమానం కాదు. అందుకని మనసు తనకు తెలియకుండానే మొదటి మాటను రెండవ మాటగా మార్చి చెబుతుంది. అలాగే, నిజంగా అభిరుచి లేని బిడ్డను చూసి తల్లిదండ్రులు "సోమరి" అంటారు. లేని ఇష్టాన్ని మందలింపు పుట్టించలేదు.

ఈ రెండింటినీ వేరుచేసి చూసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. అర్థం కాని భాగాన్ని తెలిసినవారిచేత ఓపికగా చెప్పించుకోవాలి. అర్థమైన క్షణంలో మనసు తేలికపడి, తరువాతి లెక్కకో, తరువాతి పుటకో తానై పరుగెత్తితే లోపం సన్నద్ధతలో ఉన్నది. అది పూరించదగిన లోపం. అంతా అర్థమై, మార్కులు కూడా వస్తూ, అయినా పుస్తకం తెరవడానికి ప్రతిరోజూ మనసును ఈడ్చుకొని రావలసి వస్తే లోపం అభిరుచిలో ఉన్నది. అప్పుడు దారిని గురించి ఆలోచించాలి. ఈ పరీక్షను ఒక్కరోజులో కాక కొన్ని వారాలపాటు చేయాలి. ఒక్క చెడు మార్కుతోనో, ఒక్క కఠినమైన మాటతోనో జీవితాన్ని నిర్ణయించుకోకూడదు.

పరిశోధకులు పెద్ద సంఖ్యలో విద్యార్థులను పరిశీలించి చెప్పినది కూడా ఈ అనుభవానికి దగ్గరగానే ఉన్నది. 2008లో అమెరికాలో జెఫ్ అలెన్, స్టీవెన్ రాబిన్స్ అనే పరిశోధకులు 25 నాలుగేళ్ల విద్యాసంస్థలకు చెందిన సుమారు 48,000 మంది విద్యార్థుల వివరాలను విశ్లేషించారు. చేరిన ప్రధాన విషయంలోనే విద్యార్థి కొనసాగుతాడా, లేదా అన్నది రెండు అంశాల మీద ఆధారపడుతున్నదని వారు గుర్తించారు. ఒకటి, విద్యార్థి అభిరుచికీ ఆ విషయానికీ గల పొంతన. రెండవది, మొదటి సంవత్సరంలో అతడు సాధించిన ఫలితాలు. ఈ రెండూ దేనికది విడిగా ప్రభావం చూపుతాయి. కనుక ఒకటి ఉన్నది కదా అని రెండవదాన్ని ఉపేక్షించడానికి వీలులేదు. కళాశాలకు రాకముందు సంపాదించిన సన్నద్ధత మొదట అక్కరకు వచ్చేది ఆ మొదటి ఏటిలోనే.

అంతకుముందే, 1997లో, ఎలేన్ సేమర్, నాన్సీ హ్యూవిట్ అనే పరిశోధకులు విజ్ఞానశాస్త్రాలను మధ్యలో విడిచిపెట్టిన విద్యార్థులతోనూ, విడువని విద్యార్థులతోనూ సుదీర్ఘంగా సంభాషించి ఒక గ్రంథం వెలువరించారు. విడిచినవారు తెలివితేటలలో నిలిచినవారికి తీసిపోరని వారి పరిశీలనలో తేలింది. బోధన సరిగా లేకపోవడం, అడిగితే చెప్పేవారు లేకపోవడం వంటి ఇబ్బందులు ఇరువర్గాలకూ సమానమే. మధ్యలో మానినవారందరూ మందబుద్ధులన్న అపోహకు ఇది చక్కని సమాధానం.

అభిరుచి ఒక్కటే చాలదా అని కొందరు అడగవచ్చు. శ్రీనివాస రామానుజన్ జీవితం దీనికి జవాబు చెబుతుంది. ఆయన 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో చేరాడు. నేటి ఇంటర్మీడియట్ వంటిదే ఆనాటి ఎఫ్.ఏ. చదువు. గణితం మీది మహోన్నతమైన అభిరుచి ఆయనను తక్కిన విషయాల వైపు చూడనివ్వలేదు. ఉపకార వేతనం పోయింది. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. అంతటి మేధావి ఒక గుమాస్తా ఉద్యోగంకోసం తిరగవలసి వచ్చింది. ఆయన ప్రతిభను గుర్తించినవారు దొరకడం, 1914లో కేంబ్రిడ్జికి వెళ్లగలగడం లోకం చేసుకున్న అదృష్టం. రామానుజన్ పరీక్ష తప్పాడు కదా అని మనమూ తప్పవచ్చునని అనుకోవడం పొరపాటు. అభిరుచి ఎంత గొప్పదైనా, తక్కిన సన్నద్ధత లేకపోతే దారి ఎంత కఠినమవుతుందో ఆ జీవితం తెలియజేస్తుంది.

సన్నద్ధత లోపాన్ని పూరించడం ఎలా? దీనికి కూడా లోకంలో మంచి ఉదాహరణలున్నాయి. 1970వ దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతూ, చైనా సంతతి విద్యార్థులు రాణించడం గమనించాడు. పట్టుదల లేకపోవడమో, ఇంటివారి ప్రోత్సాహం లేకపోవడమో కారణమని అందరూ అనుకున్నారు. ఆయన విద్యార్థుల వెంట తిరిగి చూస్తే అసలు సంగతి వేరుగా కనిపించింది. చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చొని లెక్కలు చేసేవారు, ఒకరి తప్పు ఒకరు దిద్దేవారు. నల్లజాతి విద్యార్థులు ఎంతో శ్రమించేవారు, కాని ఒంటరిగా శ్రమించేవారు. ఎక్కడ పొరబడుతున్నారో చెప్పేవారు వారికి లేరు. ట్రైస్‌మన్ వారికి సులభమైన పాఠాలు చెప్పలేదు. కలిసి చేయడానికి కఠినమైన లెక్కలే ఇచ్చాడు. ఫలితాలు గణనీయంగా మెరుగుపడ్డాయి. వసతి గృహాలలో, గ్రామాలలో చదివే మన విద్యార్థులకు ఇందులో గ్రహించవలసినది ఎంతో ఉన్నది. నలుగురు కలిసి చదవడానికి డబ్బు అక్కరలేదు, పెద్ద నగరం అక్కరలేదు.

మన దగ్గర 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాలు ఏర్పడ్డాయి. ప్రజలు వీటిని ట్రిపుల్ ఐటీలని పిలుస్తారు. గ్రామీణ విద్యార్థులను పదో తరగతి కాగానే చేర్చుకొని, రెండేళ్లపాటు పునాది చదువు చెప్పి, ఆ తరువాత నాలుగేళ్ల ఇంజనీరింగు చెప్పడం ఈ సంస్థల విధానం. సన్నద్ధత పుట్టుకతో వచ్చేది కాదు, సమయమిచ్చి కలిగించదగినది అన్న భావన ఈ ఏర్పాటులో ఉన్నది. అటువంటి సంస్థలో చేరనివారు కూడా ఇంటర్మీడియట్ రెండేళ్లనూ ఆ దృష్టితోనే వినియోగించుకోవాలి. పరీక్షకు వచ్చే ప్రశ్నలను మాత్రమే వల్లించినవాడు పరీక్ష దాటుతాడు. విషయాన్ని అర్థం చేసుకొన్నవాడు ఆ తరువాతి ఏడు కూడా దాటుతాడు.

చివరగా ఒక మాట. దారి మార్చుకోవడం ఓటమి కాదు. ఓడి మానడం వేరు, తెలిసి మారడం వేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లి, 1941లో భారతీయ గణాంక సంస్థలో శిక్షణకు చేరాడు. గణితం ఇచ్చిన పునాది మీద సాంఖ్యక శాస్త్రంలో తన అభిరుచిని నిలుపుకొని ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అంతర్జాతీయ పురస్కారం అందుకున్నాడు. పాత సన్నద్ధత కొత్త దారిలో వృథా కాదని ఆయన జీవితం చెబుతుంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చదువు మధ్యలో ఆగి, సర్టిఫికెట్‌తోనో, డిప్లొమాతోనో వెళ్లి, తిరిగి వచ్చి కొనసాగించే అవకాశాన్ని ప్రతిపాదించింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణుడయ్యాడు. అన్న స్ప్రూ వ్యాధితో మరణించడం ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. వైద్యం చదివి, అమెరికా వెళ్లి, పరిశోధనకు జీవితాన్ని అంకితం చేశాడు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ చికిత్సకు ఉపకరించింది. మొదటి రెండు వైఫల్యాలను చూసి ఎవరైనా ఆయనను భర్తృహరి రెండవ తరగతిలో చేర్చి ఉంటే, లోకం ఒక మహావైద్యుణ్ణి పోగొట్టుకొనేది.

కనుక విద్యార్థులారా, చదువు బరువనిపించినప్పుడు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. లోపించినది అభిరుచా, సన్నద్ధతా అని ముందు విచారించండి. తెలియకపోతే అధ్యాపకులను అడగండి. ఇంట్లో పెద్దలతో దాచుకోకుండా చెప్పండి. అభిరుచి దారి చూపుతుంది, సన్నద్ధత ఆ దారిలో నడిపిస్తుంది. ఈ రెండూ కలిసినచోట నిలకడ తనంతట తానే వస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

సమంజసం = తగినది, న్యాయమైనది
తెనిగించు = తెలుగులోకి అనువదించు
విఘ్నం = ఆటంకం
పొంతన = కుదురుబాటు, సరిపోలిక
సన్నద్ధత = సిద్ధంగా ఉండడం, పునాది
పారిభాషిక పదం = ఒక శాస్త్రానికి ప్రత్యేకమైన మాట
అవకలనం, సమాకలనం = కలన గణితంలోని రెండు ప్రధాన ప్రక్రియలు
సదిశ = పరిమాణం, దిశ రెండూ గల రాశి
ఉపేక్షించు = లక్ష్యపెట్టకపోవు
అపోహ = పొరపాటు అభిప్రాయం
సాంఖ్యక శాస్త్రం = గణాంకాలను సేకరించి విశ్లేషించే శాస్త్రం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చదువులో నిలకడకు అభిరుచి, సన్నద్ధత ఏ విధంగా తోడ్పడతాయో పాఠం ఆధారంగా వివరించండి.
2. ఇద్దరు విద్యార్థుల కథల ద్వారా రచయిత తెలియజేసిన భేదాన్ని విశదీకరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. కార్యారంభం విషయంలో భర్తృహరి చెప్పిన మూడు తరగతులవారు ఎవరు?
2. అభిరుచి వేషం వేసుకొని వచ్చేవి ఏవి?
3. సన్నద్ధతలోని మూడు పొరలు ఏవి?
4. ట్రైస్‌మన్ గమనించిన విషయం ఏమిటి?
5. రామానుజన్ జీవితం నుంచి విద్యార్థులు గ్రహించవలసినది ఏమిటి?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు

1. ఒకరి మందు మరొకరికి పనిచేయదు.
2. ఆ తరువాత నలభై ఏళ్లు ఎలా దాటను?
3. ఓడి మానడం వేరు, తెలిసి మారడం వేరు.

IV. సంధులు

విద్యార్థి = విద్యా + అర్థి : సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం : గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి
మొదలైన = మొదలు + ఐన : ఉత్వ సంధి

V. సమాసాలు

విద్యాభ్యాసం = విద్య యొక్క అభ్యాసం : షష్ఠీ తత్పురుష సమాసం
భీమ దుర్యోధనులు = భీముడు, దుర్యోధనుడు : ద్వంద్వ సమాసం
నాలుగేళ్లు = నాలుగైన ఏళ్లు : ద్విగు సమాసం
మందబుద్ధులు = మందమైన బుద్ధి గలవారు : బహువ్రీహి సమాసం

VI. ప్రాజెక్టు పని

మీ గ్రూపులోని శాస్త్రాలకు సంబంధించిన ఇరవై పారిభాషిక పదాలను తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రెండు గడులలో రాయండి. మీరు ఆ గ్రూపును ఎందుకు ఎంచుకున్నారో, ఎవరి సలహాతో ఎంచుకున్నారో ఒక పుటకు మించకుండా రాసి, మీ అధ్యాపకులతో చర్చించండి.